రూఫ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఎల్లుండి వస్తున్నాయి, కప్పు జనవరికి గానీ అవ్వదు. అప్పటిదాకా ఎలా దాచాలి?

స్టోర్స్_అచ్యుతాపురం:

నమస్కారమండీ. అచ్యుతాపురం వైపు ఒక గోడౌన్ సైటు, సముద్రం దగ్గరే. మొత్తం 24 రూఫ్ ఫ్యాన్లు రెండు లారీల్లో ఎల్లుండి దిగుతున్నాయి. వాటిలో 16 యాక్సియల్ (గాలిని నేరుగా తోసే రెక్కల ఫ్యాన్లు), 900 ఎం.ఎం. సైజు, డైరెక్ట్ డ్రైవ్ (రెక్కలు మోటారు షాఫ్టుకే), 2.2 కిలోవాట్ మోటారు, పైన ఎఫ్‌ఆర్‌పీ (ఫైబరు గ్లాసు) హుడ్, ఒక్కోటి 140 కేజీలు. క్యాంటీన్‌కి 6 సెంట్రిఫ్యూగల్ (గాలిని పక్కలకి విసిరే చక్రం ఉన్నవి), బెల్టు డ్రైవ్, ఒక్కోటి 180 కేజీలు. మిగతా 2 ఆఫీసు బ్లాకుకి, ఈసీ (లోపలే ఎలక్ట్రానిక్ కార్డు ఉన్న) మోటారువి.

కప్పు రేకులు వేయడం డిసెంబరు ఆఖరికి గానీ పూర్తికాదు. ఫ్యాన్లు కూర్చునే కర్బ్‌లు (కప్పు ఓపెనింగు చుట్టూ వచ్చే ఫ్రేములు) ఇంకా ఫ్యాబ్రికేషన్‌లోనే ఉన్నాయి. ఇప్పుడు అక్టోబరు, అంటే మూడు నెలలు నా దగ్గరే ఉండాలి. రేకుల షెడ్డు ఒకటి ఉంది, రెండు వైపులే గోడలు. సిమెంటు బస్తాలు అందులోనే, పక్కనే డీజీ సెట్టు (డీజిల్ జనరేటరు).

అడగాల్సినవి నాలుగు. లారీ డ్రైవరు నిలబడడు, వెంటనే సంతకం పెట్టమంటాడు. ఏం చూసి పెట్టాలి? హైడ్రాతో (చిన్న మొబైల్ క్రేను) దించేటప్పుడు ఎత్తే బెల్టు ఎక్కడ వేయాలి? ప్లాస్టిక్ కవరు అలాగే ఉంచాలా, తీయాలా? వచ్చే వారం ఏహెచ్‌యూల (ఏసీ గాలి పంపే పెద్ద యూనిట్లు) కోసం పెద్ద క్రేను వస్తోంది, సగం కప్పు అయింది కాబట్టి ఫ్యాన్లు కూడా అప్పుడే పైకి ఎక్కించేద్దామని ప్రాజెక్టు మేనేజరుగారు అంటున్నారు. చేయొచ్చా?

ఇన్‌వర్డ్_రిజిస్టర్:

సంతకం సంగతి ముందు చెప్తాను, డబ్బు పోయేది అక్కడే కాబట్టి.

లారీ రాకముందే పీవో (కొనుగోలు ఆర్డరు), ప్యాకింగ్ లిస్టు, అప్రూవ్ అయిన డ్రాయింగు ప్రింటు తీసి పెట్టుకోండి. లారీ గేటు దగ్గర ఆగగానే, తాళ్లు విప్పకముందే నాలుగు వైపులా ఫొటోలు తీయండి, లారీ నంబరు కనపడేలా ఒకటి. తాళ్లు విప్పాక ఫొటో తీస్తే తాడు ఎక్కడ నొక్కిందో తెలియదు. ఎఫ్‌ఆర్‌పీ హుడ్ ఎక్కువగా పగిలేది దాని అంచు మీదుగా తాడు బిగించినప్పుడే.

దెబ్బ కనపడితే ఎల్‌ఆర్ (లారీ రసీదు) మీదే, మూడు కాపీల మీదా రాయాలి. "తనిఖీకి లోబడి తీసుకున్నాం" అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. "ప్యాకేజీ 7, హుడ్ ఎడమ అంచు 120 ఎం.ఎం. పగులు, క్రేటు కింది చెక్క విరిగింది" అని ఇలా రాయండి, కింద డ్రైవరు సంతకం, తేదీ, టైము. డ్రైవరు సంతకం పెట్టనంటే ఆ మాట కూడా రాసి, అప్పటికప్పుడే ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకీ సప్లయరుకీ ఫొటోలతో మెయిలు పంపండి.

క్రేటు బయటికి బాగానే ఉండి లోపల దెబ్బతిన్నవి కూడా ఉంటాయి. "ఎలాగూ జనవరిలో విప్పుతాం కదా" అని అన్నీ అలాగే మూల పెట్టేయడం పెద్ద పొరపాటు. రెండు రోజుల్లో 24 కూడా విప్పి చూడండి. యాక్సియల్ వాటిలో ఫ్యాను చేత్తో తిప్పి, రెక్క కొసకీ చుట్టూ ఉన్న రింగుకీ మధ్య సందు నాలుగు చోట్ల కొలవండి. ఆ సందు కొద్ది మిల్లీమీటర్లే ఉంటుంది. ఒక పక్క ఎక్కువ, ఎదురు పక్క తక్కువ వస్తే రింగు నలిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చిందన్నమాట, లేదా మోటారు బ్రాకెట్టు వంగింది. హుడ్‌కి లోపలి నుంచి టార్చి వేసి చూడండి. పైకి కనపడని వెంట్రుక పగుళ్లు వెలుతురుకి నక్షత్రంలా కనపడతాయి.

నేమ్‌ప్లేటు ఒక్కొక్కటీ చదవాలి: ట్యాగ్ నంబరు, కిలోవాట్, 415 వోల్టులు, 3 ఫేజు, 50 హెర్ట్జ్, ఆర్‌పీఎం, ఐపీ 55 (దుమ్ము, నీళ్ల నుంచి రక్షణ స్థాయి). చూడ్డానికి ఒకేలా ఉండి ఆర్‌పీఎం వేరుగా ఉన్నవి కలిసిపోతే జనవరిలో కప్పు మీద తెలుస్తుంది.

ఫ్యాన్లు ఎక్కడికీ పోవు, పోయేదల్లా చిన్న అట్టపెట్టే. వీ-బెల్టులు, పిట్టల జాలి, గ్రావిటీ షట్టరు (ఫ్యాను ఆగితే తన బరువుకే మూసుకునే రెక్కలు), యాంటీ వైబ్రేషన్ మౌంట్లు (అదురు ఆపే దిమ్మెలు), గ్యాస్కెట్టు, ఐసోలేటరు (కరెంటు ఆపే స్విచ్చు) అందులో వస్తాయి. దాన్ని విడిగా లెక్కపెట్టి తాళం ఉన్న గదిలో పెట్టండి.

క్లెయిము గురించి. రోడ్డు రవాణా మీద 2007లో వచ్చిన చట్టం ప్రకారం, సరుకు బుక్ అయిన తేదీ నుంచి 180 రోజుల్లోపు ట్రాన్స్‌పోర్టరుకి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే తర్వాత దావా వేయడం కుదరదు. ఆ 180 మొదలయ్యేది మీకు చేరిన రోజు నుంచి కాదు, బుక్ అయిన రోజు నుంచి. ట్రాన్సిట్ ఇన్సూరెన్సు ఉంటే అదే రోజు తెలియజేయాలి. సర్వేయరు చూసేదాకా విరిగిన క్రేటు, థర్మోకోల్ ఏదీ పారేయకండి.

ఇంకొకటి. చాలా పీవోల్లో వారంటీ "కమిషనింగ్ నుంచి 12 నెలలు లేదా డిస్పాచ్ నుంచి 18 నెలలు, ఏది ముందైతే అది" అని ఉంటుంది. మీదీ అంతేనా చూడండి. అయితే గడియారం ఇప్పటికే తిరుగుతోంది. "స్టోరేజీ మీ మాన్యువల్ ప్రకారం చేస్తున్నాం, రికార్డు ఉంది" అని సప్లయరుకి ఒక లెటరు ఇప్పుడే పెడితే రేపు బేరింగు పోయినప్పుడు పనికొస్తుంది.

స్లింగు_షాకిల్:

రెండో ప్రశ్నకి. బరువు సమస్య కాదు, 180 కేజీలంటే హైడ్రాకి లెక్కలోకి రాదు. నలిగిపోవడమే సమస్య.

బెల్టు వేయాల్సింది కింది బేసుకి మాత్రమే, లిఫ్టింగ్ హోల్సు ఉంటే వాటికి డి-షాకిల్స్ (డి ఆకారపు ఇనుప లింకులు) వేసి. హుడ్‌కి వేయకూడదు. మోటారు ఐబోల్టుకీ (పైన ఉండే రింగు బోల్టు) వేయకూడదు, అది మోటారు ఒక్కదాన్నే లేపడానికి ఇచ్చింది, మొత్తం యూనిట్టుని కాదు. షాఫ్టు, ఇంపెల్లరు (రెక్కల చక్రం), షట్టరు ఫ్రేము జోలికి అసలు పోవద్దు.

బెల్టు ఎంత పొడుగుందన్నది అందరూ వదిలేస్తారు. రెండు కాళ్ల స్లింగుతో (కొక్కెం నుంచి రెండు వైపులా దిగే బెల్టు) 180 కేజీలు ఎత్తుతున్నారనుకోండి. బెల్టు నేలతో 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కో కాలి మీద పడేది 104 కేజీలు, హుడ్‌ని లోపలికి నొక్కేది 52 కేజీలు. బెల్టు పొట్టిదై కోణం 30కి పడిపోతే ఒక్కో కాలి మీద పూర్తి 180, లోపలికి నొక్కేది 156 కేజీలు. అదే ఫ్యాను, అదే హైడ్రా, నొక్కుడు మూడింతలు. ఎఫ్‌ఆర్‌పీ అంచు అంత ఆపలేదు. కాబట్టి పొడుగు బెల్టులు వాడండి, ఇంకా మంచిది హుడ్ వెడల్పు కంటే 200 ఎం.ఎం. ఎక్కువ పొడుగున్న స్ప్రెడరు పైపు పెట్టి బెల్టులు నిలువుగా దిగేలా చేయడం. చైనూ వైరు రోపూ వద్దు, నైలాన్ లేదా పాలిస్టర్ బెల్టే. అంచు దగ్గర రబ్బరు ముక్కో మడిచిన గోనెసంచో పెట్టండి.

ఫోర్క్‌లిఫ్టు దొరికితే హైడ్రా కంటే అదే నయం. ఫోర్కులు ప్యాలెట్టు అవతలి చివరి దాకా దూరాలి. సగం దాకా దూర్చి లేపితే ఫోర్కు కొస బేసు రేకుని పొడుస్తుంది.

హమాలీలకి ముందే చెప్పండి: హుడ్ అంచు పట్టుకుని లాగొద్దు, పక్కకి పడుకోబెట్టి దొర్లించొద్దు. బెల్టు డ్రైవ్ వాటిని పడుకోబెడితే మోటారు బరువంతా పక్క నుంచి వేలాడుతుంది, మోటారు ప్లేటు వంగి పుల్లీల వరస తప్పుతుంది. జనవరిలో బెల్టులు ఎందుకు తెగుతున్నాయో ఎవరికీ అర్థం కాదు. ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు కూడా, ప్యాకింగ్ మీద పేర్చవచ్చని గుర్తు ఉంటే తప్ప.

హైడ్రా లోడుతో నడిచేటప్పుడు ఫ్యానుకి తాడు కట్టి ఒక మనిషి పట్టుకుని దూరంగా నడవాలి. లేకపోతే ఊగి బూముకి కొట్టుకుంటుంది.

సైట్_సూపర్‌వైజర్:

మూడో ప్రశ్నకి సింపుల్. ఫ్యాక్టరీ ప్లాస్టిక్ ర్యాపింగ్ తీయకండి, దాని మీద ఇంకో టార్పాలిన్ గట్టిగా చుట్టి కట్టేయండి. గాలి, దుమ్ము ఏదీ పోదు.

బేరింగు_గ్రీజు:

సైట్_సూపర్‌వైజర్ గారూ, మన కోస్తాలో అదే చేయకూడని పని. ఆ ప్లాస్టిక్ లారీలో వాన పడకుండా వేసింది, నెలల తరబడి నిల్వకి కాదు. పగలు లోపలి గాలి వేడెక్కి చెమ్మని పట్టుకుంటుంది, తెల్లవారుజామున రేకు చల్లబడగానే ఆ చెమ్మ లోపలే నీటి బిందువులవుతుంది. బయటికి దారి లేదు. నాలుగు వారాల తర్వాత విప్పితే జీఐ (జింకు పూసిన ఇనుము) బేసు మీద తెల్లటి పొడి, అదే తెల్ల తుప్పు. అల్యూమినియం ఇంపెల్లరు మీద మరకలు. మోటారు వైండింగు తడి పీల్చుకుని ఉంటుంది.

స్టోర్స్ గారూ, మీరు చేయాల్సింది: ప్లాస్టిక్ కింద వైపు పూర్తిగా కోసేయండి, పైన టోపీలా మాత్రం ఉంచండి. యూనిట్లని నేల మీద నుంచి కనీసం 150 ఎం.ఎం. ఎత్తున చెక్క స్లీపర్ల మీద పెట్టండి. మధ్యలో మనిషి నడిచేంత దారి వదలండి, ఎందుకో కింద చెప్తాను. గోడ లేని రెండు వైపులా టార్పాలిన్ దించండి, కానీ అది ఫ్యాన్లకి తగలకూడదు, కింద ఒక అడుగు ఖాళీ ఉండాలి. వాన జల్లు ఆగాలి, గాలి ఆడాలి, రెండూ కావాలి.

మీ షెడ్డులో నాకు భయం వేసేవి రెండున్నాయి.

ఒకటి సిమెంటు. పొడి సిమెంటు దుమ్ముకి చెమ్మ తగిలితే ఘాటైన క్షారం అవుతుంది, జింకునీ అల్యూమినియాన్నీ రెండింటినీ తింటుంది. బస్తాలు వేరే చోటికి మార్చండి, కుదరకపోతే ఫ్యాన్లనే మార్చండి. టైల్సు కడిగే యాసిడ్ క్యాన్లు, బ్లీచింగ్ పౌడరు కూడా ఆ షెడ్డులో ఉండకూడదు.

రెండోది డీజీ సెట్టు. ఆగి ఉన్న బేరింగులో గోళీలు ఒకే చోట కూర్చుంటాయి. పక్కన డీజీ అదురు నేల గుండా వచ్చి ఆ గోళీలని ఉన్న చోటే సన్నగా కదిలిస్తుంటే మధ్యలోని గ్రీజు పొర పక్కకి జరిగిపోతుంది, లోహం లోహాన్ని అరగదీస్తుంది. రేసు (గోళీలు తిరిగే రింగు) మీద గోళీల దూరంలో వరసగా సన్న గాట్లు పడతాయి. ఫ్యాను ఆన్ చేసిన మొదటి రోజే గరగర శబ్దం. అందరూ "బేరింగు నాసిరకం" అంటారు, అది షెడ్డులో పాడైందని ఎవరికీ తట్టదు. ఫ్యాన్లని డీజీకి వీలైనంత దూరంగా పెట్టండి, పైలింగ్ (నేలలోకి పునాది స్తంభాలు దించడం) జరుగుతుంటే దానికి కూడా.

అందుకే దారి వదలమన్నది. 15 రోజులకోసారి ప్రతి ఫ్యానునీ చేత్తో కనీసం 10 చుట్లు తిప్పాలి. హబ్ (రెక్కల మధ్య భాగం) మీద సుద్దతో గీత పెట్టుకుని, ప్రతిసారీ పాత చోటికి పావు చుట్టు అవతల ఆపండి. మళ్లీ అదే చోట ఆగితే తిప్పీ ప్రయోజనం సగమే. ఇంపెల్లరుకి రవాణాలో కట్టిన తాడో చెక్కో ఉంటే ముందు తీసేయండి, తీసినట్టు ట్యాగు వేయండి.

క్యాంటీన్ ఫ్యాన్ల వీ-బెల్టులు: పుల్లీల మీద బిగువుగా ఉంచితే ఒకే వంపుకి అలవాటుపడిపోతాయి, పైగా బేరింగుల మీద మూడు నెలలు ఒకే వైపు లాగుడు. విప్పి తీసేయండి. ఒక ఫ్యాను బెల్టుల సెట్టు కలిపి కట్టి, ట్యాగ్ నంబరు రాసి, బల్ల మీద వదులుగా చుట్ట చుట్టి పెట్టండి. మేకుకి వేలాడదీయకండి, వేలాడిన చోట మడత పడుతుంది. ఎండ, ఆయిలు, వెల్డింగు జరిగే చోటు మూడూ పడవు.

ఎలుకల సంగతి మరిచిపోవద్దు. ఫ్యాను కింది నోటికి ప్లైవుడ్డో సన్న జాలీయో కట్టండి. కేబుల్ ఇన్సులేషన్ కొరికాక తెలిసినా లాభం లేదు.

స్టోర్స్_అచ్యుతాపురం:

చాలా థాంక్సండీ. సిమెంటు రేపే మార్పిస్తాను. గ్రీజు కూడా కొట్టాలా? మోటారుకి మెగ్గరు (ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే మీటరు) రీడింగు ఎంత రావాలి? మా ఎలక్ట్రీషియను 1000 వోల్టుల మెగ్గరే ఉందంటున్నాడు.

బేరింగు_గ్రీజు:

యాక్సియల్ ఫ్యాన్ల మోటారు బేరింగులకి ముందు నిపుల్ (గ్రీజు ఎక్కించే మొన) ఉందో లేదో చూడండి. లేకపోతే అవి సీల్డ్, వాటికేమీ చేయనక్కర్లేదు, తిప్పితే చాలు. బెల్టు డ్రైవ్ వాటికి ఫ్యాను షాఫ్టు మీద పిల్లో బ్లాకులకి (బేరింగు కూర్చునే దిమ్మెలు) నిపుల్ ఉంటుంది. బిగించే ముందు జనవరిలో, షాఫ్టు చేత్తో తిప్పుతూ గన్నుతో నెమ్మదిగా రెండు స్ట్రోకులు, అంతే. ఎక్కువ కొడితే సీలు బయటికి తన్నుకొస్తుంది. పాత గ్రీజు ఏ రకమో మాన్యువల్లో చూసి అదే వాడండి. లిథియం గ్రీజు ఉన్న చోట పాలీయూరియా గ్రీజు కొడితే రెండూ పడక పల్చబడి కారిపోవచ్చు.

మెగ్గర్_500:

మెగ్గరు గురించి, ముందుగా ప్రమాదం ఉన్నది చెప్తాను. ఆ రెండు ఈసీ ఫ్యాన్లకి మెగ్గరు పెట్టనివ్వకండి. ఈసీ మోటారు లోపలే ఎలక్ట్రానిక్ కార్డు ఉంటుంది, మెగ్గరు వోల్టేజీకి అది పోతుంది. టెర్మినల్ బాక్సు మీద ఎర్ర అక్షరాలతో "మెగ్గరు వద్దు" అని కాగితం అంటించండి, షిఫ్టు మారితే ఎవరికి గుర్తుంటుంది. ఆ రెండింటినీ ఆఫీసు గదిలోనో ఏసీ స్టోరులోనో పెట్టండి. ఫ్యాన్లతో విడిగా వచ్చిన వీఎఫ్‌డీలు (మోటారు వేగం మార్చే డ్రైవులు) ఉంటే వాటినీ అక్కడే.

మిగతా 22 మామూలు ఇండక్షన్ మోటార్లు. 415 వోల్టుల మోటారుకి 500 వోల్టుల డీసీ మెగ్గరు వాడాలి, 1000ది వద్దు. 500ది ఒకటి అద్దెకి తెప్పించండి. మూడు ఫేజులూ కలిపి ఎర్తుకి, పూర్తిగా ఒక నిమిషం పట్టుకుని రీడింగు రాయాలి. తర్వాత వైండింగుని ఎర్తుకి కలిపి డిశ్చార్జి చేయాలి.

కొత్త మోటారుకి 100 మెగాఓమ్‌లకి పైనే రావాలి, తరచూ అంతకంటే చాలా ఎక్కువ వస్తుంది. 40 డిగ్రీల దగ్గర లెక్కేస్తే 5 మెగాఓమ్‌లు కింది హద్దు, దానికి తగ్గితే కరెంటు ఇవ్వకూడదు. అయితే ఒక్క అంకె కంటే దాని నడక ముఖ్యం. వచ్చిన రోజు 800, నెలకి 300, రెండు నెలలకి 60 అంటే హద్దు దాటకపోయినా చెమ్మ ఎక్కుతోందని అర్థం. వైండింగు వేడి 10 డిగ్రీలు పెరిగితే రీడింగు సుమారు సగానికి పడుతుంది. కాబట్టి ప్రతినెలా ఒకే వేళకి కొలిచి పక్కనే ఉష్ణోగ్రత రాయండి, లేకపోతే పొద్దుటి అంకెనీ మధ్యాహ్నం అంకెనీ పోల్చి కంగారుపడతారు.

టెర్మినల్ బాక్సు చూశారా? గ్లాండు (కేబుల్ లోపలికి వెళ్లే) రంధ్రానికి పసుపు ప్లాస్టిక్ మూత ఒకటి ఉంటుంది. అది దుమ్ముకి మాత్రమే, నీళ్లకి కాదు. ఇత్తడి ప్లగ్గు బిగించండి. మోటారు డ్రెయిన్ రంధ్రం కూడా చూడండి. కప్పు మీద ఎలా నిలబడుతుందో ఇక్కడా అలాగే నిలబెడితేనే ఆ రంధ్రం కింది వైపుకి వస్తుంది. తలకిందులు చేస్తే చెమ్మ నీరు లోపలే నిలుస్తుంది.

రీడింగు పడిపోయిన మోటారుని ఎండలో పెట్టి ఆరబెట్టామని అనుకోవద్దు. వైండింగు షాపుకి పంపి, రోటరు తీసి, ఓవెన్‌లో 90 డిగ్రీల దగ్గర 12 నుంచి 16 గంటలు ఆరబెట్టాలి, డ్రెయిన్ ప్లగ్గులు తీసి.

స్లింగు_షాకిల్:

నాలుగో ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. నా మాట: ఎక్కించొద్దు. మేనేజరుగారికి ఒక క్రేను రోజు ఖర్చు మిగులుతుందని అనిపించడం సహజమే.

కర్బ్ లేకుండా పైకి ఎక్కించిన ఫ్యాను అంటే గాలికి వదిలేసిన టోపీ. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపాన్ల కాలం. హుద్‌హుద్ విశాఖని కొట్టింది 2014 అక్టోబరు 12న. 140 కేజీలు బరువే అనుకుంటాం, కానీ హుడ్ వెడల్పు ఎక్కువ, కింద ఖాళీ, గాలి కింద దూరితే లేపేస్తుంది. ఇక రేకు మీద పెడితే బరువంతా నాలుగు మూలల మీదే పడుతుంది. పర్లిన్ల (రేకుని మోసే దూలాలు) మధ్య పెడితే రేకు వంగి ఓవర్‌ల్యాప్ దగ్గర నోరు తెరుస్తుంది, జనవరి దాకా ఆ చోటే కారుతుంది.

ఏహెచ్‌యూ క్రేను వచ్చే రోజుకి ఏ ఆరు ఓపెనింగులకైనా కర్బ్‌లు వచ్చి, లెవెల్ చూసి, ఫ్లాషింగ్ (నీరు కారకుండా అంచుకి వేసే రేకు) అయిపోతే ఆ ఆరు మాత్రం ఎక్కించండి. ఎక్కించిన రోజే అన్ని బోల్టులూ బిగించాలి, గ్యాస్కెట్టుతో సహా. రేపు బిగిద్దాం అన్నది వద్దు. కరెంటు లేకుండా పైన ఉన్నంతకాలం గాలికి వెనక్కి తిరుగుతుంటాయి, అయినా 15 రోజుల లెక్క ఆపకండి, గాలి లేని వారాలు కూడా ఉంటాయి.

ఫ్యాను పెట్టని ఓపెనింగులకి ప్లైవుడ్డు వేసి స్క్రూలతో బిగించి "రంధ్రం" అని పెద్దగా రాయండి. ఊరికే కప్పి పెట్టిన ప్లైవుడ్డుని ఎవరో ఒకరు పక్కకి తీస్తారు, వెనకవాడు అందులోంచి కింద పడతాడు. ఇది ఫ్యాన్ల కంటే ముఖ్యం.

తుపాను హెచ్చరిక వస్తే షెడ్డులో ఉన్నవాటి టార్పాలిన్లు విప్పి తీసేసి, యూనిట్లని నాలుగేసి కలిపి బేసుల దగ్గర తాళ్లతో కట్టి, షెడ్డు స్తంభాలకి బిగించండి. హుడ్‌ల మీదుగా తాడు వద్దు.

బేరింగు_గ్రీజు:

జనవరిలో బిగించాక ఆన్ చేసే ముందు చూడాల్సినవి కూడా ఇక్కడే రాసేస్తాను, అప్పటికి ఈ థ్రెడ్డు వెతకడం కష్టం. ప్లైవుడ్డూ జాలీ తీశారా, లోపల గూళ్లు ఏమైనా ఉన్నాయా, గ్రావిటీ షట్టరు రెక్కలకి రవాణా తీగ ఇంకా ఉందా చూడండి. ఆ తీగ ఉంటే ఫ్యాను తిరుగుతుంది, గాలి మాత్రం బయటికి పోదు. ఇంపెల్లరు హబ్ గ్రబ్ స్క్రూలు (షాఫ్టుకి పట్టి ఉంచేవి), పుల్లీ స్క్రూలు మళ్లీ బిగించండి, లారీ కుదుపుకే సగం వదులవుతాయి. మెగ్గరు చూసి, అరసెకను ఆన్ చేసి ఆపి, బాణం గుర్తు వైపే తిరుగుతోందా చూడండి. సెంట్రిఫ్యూగల్ ఫ్యాను వెనక్కి తిరిగినా కొంత గాలి అదే వైపు తోస్తుంది, గాలి వస్తోంది కదా అని మోసపోతారు. మూడు ఫేజుల ఆంపియర్లు నేమ్‌ప్లేటుతో పోల్చి రాసుకోండి. బెల్టు బిగువుకి రెండు పుల్లీల మధ్య దూరం మీటరుకి 16 ఎం.ఎం. లెక్కన నడుమ వేలితో నొక్కితే దిగాలి, అంటే అర మీటరు దూరానికి 8. ఒక రోజు నడిచాక ఆపి, ఐసోలేటరుకి తాళం వేసి, మళ్లీ ఒకసారి చూడండి, కొత్త బెల్టు మొదటి 24 గంటల్లోనే సాగుతుంది.